డబ్బాలో పెట్రోలు, పక్కనే పిల్లలు

మిరప కోతల కాలం వచ్చిందంటే పెద్దకడుబూరు, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పల్లెల నుండి ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి. బియ్యం మూటలు, వంటపాత్రలు, పసిపిల్లలు అన్నీ ఒకే పికప్ బండిలో! ఆ సామాను నడుమ ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలో, డీజిలో కూడా ఉంటుంది. "దారిలో అయిపోతే ఎట్లా?" అన్నదే భయం.

లెక్క వేసి చూద్దాము. ఆదోని నుండి గుంటూరుకు సుమారు 400 కిలోమీటర్లు. లీటరుకు 10 కిలోమీటర్లే వచ్చినా 40 లీటర్లు చాలు. పైగా కర్నూలు, నంద్యాల, వినుకొండ, నరసరావుపేటలలో బంకులున్నాయి. మరి డబ్బా ఎందుకు?

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పిల్లలు కూర్చున్న తొట్టి అడుగునే నిలుస్తుంది. ఒక్క బీడీ నిప్పు చాలు. డీజిల్ అంత త్వరగా అంటుకోదు గాని, ఒలికి బొంతలకు పట్టిందంటే మంటను పెంచుతుంది.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సొంత వాడకానికి 30 లీటర్ల పెట్రోలు మించరాదు. లోహపు డబ్బా 25 లీటర్లకు మించరాదు. డబ్బాను బండిలో కాక నేలమీద ఉంచి నింపాలి, పైన కొంత ఖాళీ వదలాలి, మూత బిగించాలి. మనుషులున్న తొట్టిలో మాత్రం వద్దే వద్దు. అసలు సరకుల బండిలో మనుషులను ఎక్కించడమే చట్టవిరుద్ధం.

తల్లులారా, బండి కదలకముందే డ్రైవరును అడగండి: "ట్యాంకు నిండిందా? డబ్బా ఏమైనా ఉందా?" ఉంటే దింపించండి. కూలికి వెళ్ళిన మనవారందరూ క్షేమంగా ఇల్లు చేరాలన్నదే మా కోరిక.