వెతికితే మాయమయ్యే అణువు

కోడ్‌లో ఒక రకం బగ్ ఉంటుంది. మామూలుగా రన్ చేస్తే క్రాష్ అవుతుంది. ఎక్కడుందో చూద్దామని ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ పెట్టగానే మాయం! దాన్ని హైసెన్‌బగ్ అంటారు. బయోకెమిస్ట్రీ వాళ్లకీ అలాంటిదే ఒక తలనొప్పి ఉంది, పేరు ఫ్యాటీ ఆల్డిహైడ్.

పొడవాటి కార్బన్ గొలుసు, దాని చివర ఒక ఆల్డిహైడ్ గ్రూప్. అంతే. 16 కార్బన్లుంటే హెక్సాడెకనాల్. మన కణాల్లో కొన్ని కొవ్వులు విడిపోయేటప్పుడు ఇవి పుడుతూనే ఉంటాయి, ఒక ఎంజైమ్ వాటిని ఫ్యాటీ ఆసిడ్లుగా మార్చేస్తూ ఉంటుంది. ఆ ఎంజైమ్‌కి కోడ్ లాంటి ఏఎల్‌డీహెచ్3ఏ2 అనే జీన్ పాడైతే వచ్చేదే షోగ్రెన్-లార్సన్ సిండ్రోమ్. 1957లో స్వీడన్ డాక్టర్లు దీన్ని వివరించారు. పిల్లలకు చర్మం పొలుసులు కడుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. జబ్బు ఉందా లేదా అన్నది జీన్ టెస్ట్‌లో తెలుస్తుంది. కానీ ఏదైనా మందు ఇస్తే ఒంట్లో ఆల్డిహైడ్ తగ్గిందా? అది తెలియాలంటే కొలవాల్సిందే.

ఇక్కడే చిక్కు. ఉండేదే చాలా తక్కువ. పైగా ఆల్డిహైడ్ ఊరుకోదు. ప్రోటీన్లలోని అమైన్ గ్రూపులకు అతుక్కుంటుంది, గాలి తగిలితే ఆక్సిడైజ్ అవుతుంది. శాంపిల్ మెషీన్ దాకా వెళ్లేలోపే కొంత పోతుంది.

అందుకని ముందే దానికి ఒక ట్యాగ్ తగిలిస్తారు. పెంటాఫ్లోరోబెంజైల్ హైడ్రాక్సిలమీన్ అనే రసాయనం (పేరు నోరు తిరగదు, పని మాత్రం చక్కగా చేస్తుంది) ఆల్డిహైడ్‌తో కలిసి నీటి అణువును వదిలేసి, స్థిరంగా ఉండే ఆక్సిమ్ అవుతుంది. 240 ఉన్న హెక్సాడెకనాల్ బరువు 435కి చేరుతుంది. ట్యాగ్‌లోని 5 ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను ఇట్టే పట్టేస్తాయి కాబట్టి మాస్ స్పెక్ట్రోమీటర్‌కి అంత తక్కువ మోతాదు కూడా కనిపిస్తుంది.

మరి దారిలో పోయినదాని సంగతి? నాకు బాగా నచ్చిన ట్రిక్ ఇదే. కొన్ని హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం ఉన్న అదే ఆల్డిహైడ్‌ని, తెలిసిన మోతాదులో, మొదట్లోనే శాంపిల్‌లో కలిపేస్తారు. రసాయనికంగా రెండూ కవలలే, బరువు ఒక్కటే తేడా. ఒకటి సగం పోతే రెండోదీ దాదాపు సగం పోతుంది, కానీ వాటి నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తి నుంచే అసలు లెక్క తీస్తారు.

దీనికి లొంగని సమస్య ఇంకొకటి ఉంది. మన కణాల పొరల్లో ప్లాస్మలోజెన్ అనే కొవ్వులుంటాయి. ఆసిడ్ తగిలితే అవి విరిగి కొత్తగా ఫ్యాటీ ఆల్డిహైడ్ వదులుతాయి. అంటే మనం శాంపిల్ తయారు చేస్తూ చేస్తూనే, కొలవాల్సినదాన్ని పుట్టించేస్తాం! కవల అణువు ఈ తప్పుని పట్టుకోలేదు. అందుకే శుద్ధమైన ప్లాస్మలోజెన్‌ని విడిగా తీసుకుని, అవే స్టెప్పులు నడిపి, దానిలోంచి ఎంత ఆల్డిహైడ్ వస్తోందో చూడాలి. ఏమీ రాకపోతేనే రోగి రక్తంలో కనిపించిన అంకె రోగిది.