స్థానిక ఓవల్ ట్రాక్ రేసింగ్

స్థానిక ఓవల్ ట్రాక్ రేసింగ్ అనగా పట్టణాలకు సమీపంలోని చిన్న అండాకారపు ట్రాకులపై వారం వారం జరిగే కారు పందేలు. ఇవి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎక్కువగా కానవస్తాయి. ట్రాకు చుట్టుకొలత సాధారణంగా పావు మైలు నుండి అర మైలు వరకు ఉంటుంది. ఉపరితలం మట్టిది గాని, తారుది గాని కావచ్చును. డ్రైవర్లలో అధికులు ఇతర వృత్తులు చేసుకుంటూ వారాంతాలలో పోటీ చేసేవారే. పెద్ద పోటీలకు లభించే టీవీ ప్రసార ఆదాయం వీటికి ఉండదు. అందువలన టికెట్టు కొని వచ్చే ప్రేక్షకులే వీటికి ప్రధాన ఆధారం.

ప్రేక్షకులను ఆకర్షించే అంశాలు

ట్రాకు చిన్నది కావడం వలన ప్రేక్షకులు కూర్చున్న చోటి నుండే పందెం మొత్తాన్ని చూడగలరు. ఒకే సాయంత్రం పలు తరగతుల కార్లకు చిన్న చిన్న పందేలు నిర్వహిస్తారు. కొన్ని పందేలలో వేగవంతమైన కార్లను వెనుక వరుసలలో నిలుపుతారు. అవి ముందున్న కార్లను దాటుకుంటూ రావలసి ఉంటుంది గనుక నియమాలు తెలియని వారికి కూడా ఆసక్తి కలుగుతుంది. పలుచోట్ల పందేల అనంతరం ప్రేక్షకులు డ్రైవర్లను కలుసుకునే వీలు కల్పిస్తారు. పాత కార్లు ఒకదానినొకటి ఢీకొనే డెమోలిషన్ డెర్బీ కూడా జనాదరణ పొందిన వినోదం.

బౌమన్ గ్రే స్టేడియం

ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ నార్త్ కరోలినా రాష్ట్రంలో, విన్‌స్టన్-సేలం నగరంలోని బౌమన్ గ్రే స్టేడియం. ఇక్కడ ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు తారు ట్రాకు ఉన్నది. నాస్కార్ వ్యవస్థాపకుడు బిల్ ఫ్రాన్స్, ఆల్విన్ హాకిన్స్ 1949లో ఇక్కడ నాస్కార్ పందేలను ప్రారంభించారు. నాటి నుండి వేసవి శనివారపు రాత్రులలో పందేలు జరగడం ఆనవాయితీ అయినది. స్థానిక డ్రైవర్ల మధ్య ఏళ్ళ తరబడి సాగే స్పర్ధలు, వారి అభిమానుల కేకలు దీనికి "మ్యాడ్‌హౌస్" అన్న పేరు తెచ్చాయి. అదే పేరుతో హిస్టరీ ఛానల్ 2010లో ఒక ధారావాహికను ప్రసారం చేసింది. 1971 తరువాత తొలిసారిగా, 2025 ఫిబ్రవరిలో నాస్కార్ కప్ స్థాయి కార్లు ఇక్కడ పోటీపడ్డాయి.

మనుగడ

భూముల ధరలు పెరగడం, శబ్దంపై పరిసర నివాసుల అభ్యంతరాలు, నిర్వహణ వ్యయం ఇటువంటి ట్రాకులకు ప్రధాన సమస్యలు. నార్త్ కరోలినాలోని నార్త్ విల్క్స్‌బోరో ట్రాకు 1996లో కప్ పందేలను కోల్పోయి చాలాకాలం మూతపడినది. రాష్ట్ర ప్రభుత్వం 2021లో 1.8 కోట్ల డాలర్లు కేటాయించగా, 2022లో స్థానిక పందేలతో తిరిగి తెరచుకొని, 2023లో నాస్కార్ ఆల్-స్టార్ పందేనికి వేదికైనది. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో ట్రాకు ఉన్న ఫెయిర్‌గ్రౌండ్స్ స్థలాన్ని ఇతర అవసరాలకు వినియోగించాలన్న ప్రతిపాదన రాగా, 2011 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. 70 శాతానికి పైగా ఓటర్లు అక్కడి సంత, ప్రదర్శనలతో పాటు పందేలను కూడా కొనసాగించాలని తీర్పునిచ్చారు. ట్రాకు భవిష్యత్తు ఓటుకు వచ్చినపుడు పందేల అభిమానుల సంఖ్య ఒక్కటే సరిపోదు. సామాన్య పౌరులు కూడా దానిని తమ ఊరి సొత్తుగా భావించడం అవసరమవుతుంది.

ఇవి కూడా చూడండి

నాస్కార్
మోటారు క్రీడలు
ఫార్ములా వన్