ట్రిలియం మన దగ్గర రాదు, అగ్నిశిఖ వస్తది

వనపర్తి నుంచి మాట్లాడుతున్నాను. మొన్న కెనడాలో ఉన్న మా అన్న ఒక ఫోటో పంపిండు. మూడు ఆకులు, వాటి మధ్యల మూడు రేకుల తెల్లటి పువ్వు. పేరు ట్రిలియం. ఒంటారియో రాష్ట్రానికి అదే అధికారిక పువ్వు. "అన్నా, విత్తనాలు తీసుకురా, మా పెరట్లో పెడతా" అన్నాను. ఆయన నవ్విండు. ఆ విత్తనం మొలవాలంటే నెలల తరబడి చలి కావాలి. మొలిచినా పువ్వు పూయడానికి ఏడేళ్లు పట్టొచ్చు. మరి మన గద్వాల ఎండకు అది ఎట్ల బతుకుతది?

అయితే బాధపడొద్దు. దానికి దూరపు చుట్టం ఒకటి మన నల్లమలలోనే ఉంది. అదే అగ్నిశిఖ. అడవినాభి అని కూడా అంటారు. వానాకాలంలో మన్ననూరు దిక్కు పోతే పొదల మీద మంటలాగ కనిపిస్తది. ఆరు రేకులు, అంచులు అలలుగా ఉండి వెనక్కి వంగుతాయి. మొదట పసుపు, ఎరుపు కలిసి ఉంటాయి, రోజులు గడిచే కొద్దీ పూర్తిగా ఎర్రబడతాయి. ఆకు కొసే తీగలాగ చుట్టుకొని పైకి పాకుతది. తమిళనాడుకు ఇదే రాష్ట్ర పుష్పం.

పెంచడం కష్టం కాదు. మిరుగు వానలు పడంగనే, నీళ్లు నిలవని చెలక మట్టిలో, గడ్డను అడ్డంగా రెండు మూడు అంగుళాల లోతున పెట్టాలి. గడ్డ కొసకే మొలక ఉంటది, అది విరిగితే ఆ కొస ఇక మొలవదు. పాకడానికి ఒక కట్టె పాతండి.

వానలు పోయినాక తీగ మొత్తం ఎండిపోతది. నేను మొదటి ఏడు చచ్చిపోయిందనుకొని కుండీ కుమ్మరించి, గడ్డను వంటింటి అరుగు మీద పెట్టిన. మా అమ్మ గెనుసుగడ్డ అనుకొని పొట్టు తీయబోయింది! సమయానికి చూసిన కాబట్టి సరిపోయింది. ఈ మొక్కలో అన్ని భాగాల్లో కాల్చిసిన్ అనే విషం ఉంటది, గడ్డలో, విత్తనాల్లో ఇంకా ఎక్కువ. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలైతాయి, ప్రాణమే పోవచ్చు. ఎవరైనా తింటే ఇంటి వైద్యం వద్దు, లక్షణాల కోసం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. అదే కాల్చిసిన్‌ను డాక్టర్లు కొలిచి ఇస్తే గౌట్ నొప్పికి మందు. తమిళనాడులో దీని విత్తనాల కోసమే రైతులు సాగు చేస్తారు.

అందుకే చిన్నపిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో ఇది పెట్టొద్దు. పెడితే గ్లౌజులు వేసుకొని ముట్టుకోండి, కుండీ మీద పేరు రాయండి. ఎండినాక నీళ్లు ఆపి, గడ్డను మట్టిలోనే నిద్రపోనివ్వండి.

ఇంకో మాట. గడ్డ నర్సరీలో కొనండి, అడవిలో తవ్వకండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో అనుమతి లేకుండా మొక్కలు తవ్వి తేవడం నేరం. అక్కడ ఫోటో తీసుకుంటే చాలు.

మా రెండో గడ్డ పోయిన మిరుగుకు మళ్లీ మొలిచింది. మా అమ్మే ముందు చూసింది. ఉంటాను మరి, నమస్తే.