పట్టికలో చోటునకు చోటు



మన పట్టణమును తెలుగున హోసూరు అందుము. తమిళమున ఓసూరు అని వ్రాయుదురు. కన్నడమున హొసూరు, హొస అనగా కొత్త, కనుక ఇది మన కొత్తూరు వంటి పేరే. ఇదే పేరుగల ఊళ్లు కర్ణాటకమున మరికొన్ని కలవు. ఇట్లు ఒక ఊరికి పలు పేర్లును, ఒక పేరున పలు ఊళ్లును ఉండుట సరిహద్దున నివసించు మనకు కొత్త గాదు. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, మా పత్రములందు ఊరి పేరు రెండు విధములుగా నున్నదని ఒక కార్యాలయమువారు సందేహించిరి. ఆ రెండును ఒకటేయని నమ్మించుటకు మేము రెండు దినములు తిరుగవలసి వచ్చినది. మనుష్యులే ఇట్లు తికమకపడగా కంప్యూటరు మాట చెప్పనేల? అయినను ఆ చిక్కు విడుటకు ఒక మార్గము కలదు. దానిని ఈ వ్యాసమున వివరింతుము.

పట్టికకు తెలియనిది

నేటి వర్తకులు తమ లెక్కలను డేటాబేసు అను పట్టికల సముదాయమున భద్రపరచుచున్నారు. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించిన సిద్ధాంతము ఇట్టి పట్టికలకు మూలము. ఒక విత్తనముల వర్తకుడు కలడనుకొందము. అతని పట్టికలో ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క రైతునిది. పేరు, ఊరు, బాకీ అనునవి నిలువువరుసలు. వేయి రూపాయలకు మించి బాకీపడిన వారెవరని అడిగినచో పట్టిక క్షణములో చెప్పును. మా కొట్టునకు పది కిలోమీటర్ల లోపల నున్న రైతులెవరని అడిగినచో మాత్రము చెప్పలేదు. ఏలయన, ఊరిపేరు దానికి అక్షరముల వరుసయే గాని భూమిమీది చోటు కాదు. ఓసూరు, హోసూరు అను మాటలను అది రెండు ఊళ్లుగా ఎంచును. వేరువేరు తాలూకాలలోని రెండు కొత్తూళ్లను ఒకటిగా ఎంచును.

పూర్వము పటములకు ఒక సాఫ్టువేరు, లెక్కలకు వేరొక సాఫ్టువేరు వాడుచుండిరి. రైతు ఇల్లు మారినచో రెండు చోట్లను దిద్దవలెను. ఒకచోట దిద్ది రెండవచోట మరచినచో విత్తనముల బండి పాత ఇంటికే పోవును.

కొత్త నిలువువరుస

దీనికి నివారణముగా పట్టికలోనే చోటును తెలుపు నిలువువరుసను చేర్చిరి. కెనడా దేశపు రిఫ్రాక్షన్స్ రిసెర్చ్ అను సంస్థ 2001లో పోస్ట్‌జిస్ అను సాఫ్టువేరును వెలువరించినది. ఎవరైనను ఉచితముగా వాడుకొనదగిన పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసునకు ఇది అనుబంధము. మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యు.ఎల్. సర్వరులో ఇట్టి సౌకర్యము 2008లో చేరినది.

ఈ నిలువువరుసలో ముఖ్యముగా మూడు ఆకారములు వ్రాయవచ్చును. కొట్టు ఒక బిందువు. రోడ్డు ఒక రేఖ. తాలూకా ఒక బహుభుజి. మీరు రేఖాగణితమున చదివినవే యివి. అప్పుడు ఈ బిందువు ఆ బహుభుజిలోపల నున్నదా, ఈ రేఖ ఆ రేఖను ఖండించుచున్నదా, రెండింటి నడుమ దూరమెంత అను ప్రశ్నలకు పట్టిక తానే బదులు చెప్పగలదు.

అంకెలలోని మెలకువలు

బిందువును అక్షాంశ రేఖాంశములతో వ్రాయుదురు. మన పట్టణము సుమారు 12.74 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 77.83 డిగ్రీల తూర్పు రేఖాంశమున ఉన్నది. వాడుకలో అక్షాంశమును ముందు చెప్పుదుము. పోస్ట్‌జిస్‌లో రేఖాంశమునే ముందు వ్రాయవలెను. ఈ క్రమము తప్పి అంకెలు తారుమారైనచో మన హోసూరు ఉత్తర ధ్రువ ప్రాంతమున, నార్వేకు చెందిన స్వాల్‌బార్డు ద్వీపముల దాపున సముద్రములో తేలును!

వేరొక మెలకువ కలదు. ఒక డిగ్రీ అక్షాంశము ఎచ్చటనైనను సుమారు 111 కిలోమీటర్లు. ఒక డిగ్రీ రేఖాంశము భూమధ్యరేఖ యొద్ద అంతే యున్నను, మన యొద్ద సుమారు 108 కిలోమీటర్లకును, 60వ అక్షాంశమున అందు సగమునకును తగ్గును. భూమి గుండ్రముగా నుండుటయే కారణము. అందుచేత బల్లపరుపు పటముమీద కొలుచుటకు ఒక విధమును, గుండ్రని భూమిమీద కొలుచుటకు ఒక విధమును ఈ సాఫ్టువేరులలో వేరువేరుగా ఏర్పరచిరి.

లక్ష వరుసలున్నచో ఒక్కొక్క దాని దూరమును కొలుచుచు కూర్చుండుట ఎట్లు? నిఘంటువులో మాటను అక్షరక్రమమున వెదకుదుము. చోటునకు తూర్పుపడమరలు, ఉత్తరదక్షిణములు అని రెండు దిక్కులుండుటచేత ఒక్క క్రమము చాలదు. 1984లో ఆంటోనిన్ గుట్‌మన్ అనునతడు దీనికి ఆర్-ట్రీ అను ఉపాయము చెప్పెను. దగ్గరగా నున్న బిందువులను ఒక దీర్ఘచతురస్రమున చేర్చి, అట్టి దీర్ఘచతురస్రములను కొన్నింటిని మరింత పెద్ద దానిలో చేర్చుచు పోవుదురు. వెదకునప్పుడు మనకు పనిలేని పెద్ద దీర్ఘచతురస్రమును విడిచినచో దానిలోని వేల బిందువులను చూడకయే విడిచినట్లగును.

యంత్రము చెప్పనిది

అయినను, దూరమనిన పట్టిక సాధారణముగా సూటి దూరమునే చెప్పును. నిర్బంధ విద్యా చట్టము క్రింద 2010లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు ఒకటినుండి అయిదు తరగతుల పిల్లలకు బడి ఒక కిలోమీటరు నడక దూరములో ఉండవలెనని చెప్పుచున్నవి. నడక దూరమను మాటను గమనింపుడు. దక్షిణ పినాకిని యొక్క ఒక గట్టున బడియు, ఎదుటి గట్టున బిడ్డ యిల్లును ఉన్నచో సూటి దూరము అర కిలోమీటరే కావచ్చును. వంతెన చుట్టి వచ్చు బిడ్డకు అది మూడు కిలోమీటర్లు కావచ్చును. సూటిగా కొలిచి ఆ యింటికి బడి దగ్గరనే యున్నదని వ్రాసికొన్నచో, దినదినము నడచునది ఆ బిడ్డయే. దారులను రేఖలుగా పట్టికలో చేర్చి వాని వెంట కొలిచిననే సత్యము తెలియును. ప్రశ్నను సరిగా అడుగుట మన విధి, యంత్రమునది కాదు.

ఇక మొదట చెప్పిన పేర్ల మాట. పట్టిక పేర్లతోనే నడచిన కాలమున, లెక్క కుదురుటకు ఒక్క పేరును నిలిపి తక్కిన వానిని కొట్టివేయవలసి వచ్చెడిది. కొట్టివేయబడునది తరచుగా కొద్దిమంది పలుకు పేరే. చోటును బిందువుగా వ్రాసినచో ఆ అవసరము లేదు. ఆ బిందువు చెంత హోసూరు, ఓసూరు, హొసూరు మూడును నిలువవచ్చును. ఏ పేరున వెదకినను చేరు చోటు ఒక్కటే.

కావున, విద్యార్థులారా, ఈ సెలవులలో మీ మీ ఊళ్ల పేర్లను పెద్దలు పలుకునట్లు తెలుగునను, తమిళ కన్నడములందు వ్యవహరించునట్లును వ్రాసి, వాని ప్రక్క ఊరి నడిబొడ్డు యొక్క అక్షాంశ రేఖాంశములను చేర్చి తీసికొనిరండు. మన పాఠశాల పట్టికను మనమే కూర్చుకొందము. ఏ అంకె ముందో మాత్రము మరువకుడు!