వైకల్య గణనము - ప్రశ్నను బట్టి మాఱు సంఖ్య

జనాభా లెక్కలు వ్రాయువాడు గడపలో నిలిచి యే మాటలతో బ్రశ్నించునో, దేశమునందలి వికలాంగుల సంఖ్య దానిని బట్టి మాఱుచుండును. భారతదేశపు లెక్కలే యిందుకు సాక్ష్యము.

1872 మొదలు 1931 వఱకు అంధత్వము, చెవుడు మూగతనములు, మతిభ్రమణము, కుష్ఠు గూర్చి ప్రశ్నించుట యాచారముగా నుండెను. 1941 నుండి యీ ప్రశ్న లేదు. 1981 అంతర్జాతీయ వికలాంగ వత్సరమగుటచే నది తిరిగి వచ్చినది గాని, పూర్తిగా గ్రుడ్డి, పూర్తిగా మూగ, పూర్తిగా అవిటి యైనవారినే వ్రాసికొనిరి. తేలిన సంఖ్య సుమారు 11 లక్షలు. 1991లో ప్రశ్న మరల మాయమైనది. 2001లో ఐదు విధములుగా విభజించి యడుగగా 2.19 కోట్లు, 2011లో ఎనిమిది విధములుగా నడుగగా 2.68 కోట్లు తేలినవి. ముప్పదేండ్లలో వైకల్యము ఇరువది రెట్లకు మించి పెరిగినదని యెవరు నమ్ముదురు? పెరిగినది ప్రశ్న.

2.68 కోట్లనగా నూటికి 2.21 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ప్రపంచ బ్యాంకును అదే 2011లో వెలువరించిన నివేదిక ప్రపంచ జనులలో నూటికి 15 మందికి వైకల్యము గలదని యంచనా వేసినది. ఈ యంతరమునకు ముఖ్యకారణము అడుగు తీరని పరిశోధకుల యభిప్రాయము. "మీ యింట వికలాంగులు గలరా?" యనినచో సిగ్గు, పిల్లల పెండ్లిండ్ల చింత నోరు మూయించును, ముసలివారి చూపు మందగించుటను ఇంటివారు వయోధర్మమని విడిచిపెట్టుదురు.

2001లో ఐక్యరాజ్య సమితి గణాంక సంఘము క్రింద నేర్పడిన వాషింగ్టన్ బృందము ఆఱు ప్రశ్నలను గూర్చినది. కండ్లజోడు పెట్టుకొనినను చూచుటకు, వినికిడి యంత్రమున్నను వినుటకు, నడచుటకు లేక మెట్లెక్కుటకు, జ్ఞప్తి యుంచుకొనుటకు, స్నానాదులు తానై చేసికొనుటకు, ఇతరులతో మాటాడి తెలుపుకొనుటకు కష్టమున్నదా యని యవి యడుగును. కష్టము లేదు, కొంత, చాల, బొత్తిగా చేయలేరు అనునవి ప్రత్యుత్తరములు. వైకల్యమను మాటయే యందు లేదు!

తెలుగువారికి దీని విలువ సులభముగా దెలియును. మన భాషలో నీ లోపములను దెలుపు పాతమాటలు తిట్లుగా గూడ వాడబడుచున్నవి. ఏ తల్లియు తన బిడ్డను గూర్చి యా మాట ననదు. కాని "చూపానదు", "మెట్లెక్కలేదు" అని వెంటనే చెప్పును. ఒడిశాలోనో, తమిళనాటనో స్థిరపడిన మన కుటుంబములు మాతృభాష గడిలో తెలుగని వ్రాసిరా లేదా యని విచారించుట యెఱుగుదుము. ఈ గడి విషయమునను అంత శ్రద్ధ యవసరము. 2021లో జరుగవలసిన లెక్క జరుగలేదు. 2027 మార్చి 1 ప్రామాణిక దినముగా తరువాతి గణనము 2025లో ప్రకటింపబడినది.

సంఖ్య చిన్నదైనచో కేటాయింపును చిన్నదగును. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములనే గుర్తింపగా 2016 నాటిది 21 గుర్తించినది. అయినను చట్టము వేఱు, వాకిటి మెట్లు వేఱు. సుప్రీంకోర్టు కోరికపై హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రము, భవనములు, రవాణా మొదలగునవి వికలాంగులకు ఏ మేరకు అందుబాటులో నున్నవో పరిశీలించి నివేదిక సమర్పించినది. దాని నాధారముగా గొని 2024 నవంబరు 8న న్యాయస్థానము, అందుబాటును గూర్చిన 15వ నియమము కేవలము సలహాగా నున్నందున చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పి, తప్పక పాటింపవలసిన నియమములను మూడు మాసములలో నేర్పరుపవలసినదిగా కేంద్రప్రభుత్వము నాజ్ఞాపించినది.