కిశోరాశ్వమునకు వాహనారంభకాల నిర్ణయము

అమరకోశమున క్షత్రియవర్గమునందు కిశోరశబ్దము గుఱ్ఱపుపిల్లకు పేరుగా పఠింపబడినది. నేడు కిశోరప్రాయమనగా మనము బాలుర వయస్సునే తలంచుచున్నాము. అదే వర్గమున, చక్కగా వహించుటకు శిక్షితమైన గుఱ్ఱమునకు వినీతమని పేరు. శిష్యునియందు ఉపాధ్యాయుడు కోరు వినయమును, గుఱ్ఱమునందు శిక్షకుడు కోరు వినయమును ఒకే ధాతువునుండి పుట్టినవి. ఈ రెండు పదములకు నడుమ ఒక ప్రశ్న యున్నది. కిశోరము వినీతమగుట కెన్నడు ప్రారంభింపవలెను? దాని వీపుపై జీను వేసి రౌతు ఎక్కుటకు తగిన కాలమేది? ఈ వ్యాసమున ఆ ప్రశ్ననే విచారింప దలచితిమి. తొందరపడి ఎక్కినచో కలుగు కీడు ఆనాడే కనబడక, కొన్నియేండ్లకు కుంటుగనో వెన్నునొప్పిగనో బయటపడును. అప్పటికి కారణమును ఎవరును జ్ఞాపకముంచుకొనరు. కావుననే యిది విచారణార్హమైన విషయము.

మొదట శాస్త్రగ్రంథములమాట. 1909లో శామశాస్త్రిగారు మైసూరునుండి ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున రెండవ యధికరణమునందు అశ్వాధ్యక్ష ప్రకరణము కలదు. అందు గుఱ్ఱపుపిల్లకు ఈయవలసిన ఆహారము వయఃక్రమమున చెప్పబడినది. ఆరుమాసముల వరకు పాలు, పిండి, నేయి; పిమ్మట మూడేండ్లు నిండువరకు నెలనెలకును పెరుగు కొలతతో యవలు; నాలుగేండ్ల వరకు ద్రోణము యవలు. పదునారు ప్రస్థములు ఒక ద్రోణమగును. ఈ క్రమమును ముగించుచు గ్రంథకర్త, నాలుగేండ్లది గాని అయిదేండ్లది గాని అయిన గుఱ్ఱము పూర్ణప్రమాణము కలదై కర్మణ్యమగునని నిర్ణయించినాడు. కర్మణ్యమనగా పనికి తగినది.

ఇచట రెండంశములు గమనింపదగినవి. మొదటిది, ఆహారనియమమును కర్మార్హతను గ్రంథకర్త ఒకే వాక్యక్రమమున చెప్పుట. పెరుగుదల ముగియుటయే పనికి అర్హతయని యతని భావము. రెండవది, ఒకే సంవత్సరమును చెప్పక, నాలుగు గాని అయిదు గాని యని వికల్పము చెప్పుట. రాజశాసనమువలె నియమములు చెప్పు గ్రంథమున ఈ వికల్పము ఊరక వచ్చినది కాదు. అన్ని గుఱ్ఱములును ఒకే నాటికి పక్వము కావని యెఱిగినవాడే యిట్లు చెప్పగలడు.

అదే ప్రకరణమున మరియొక లెక్క యున్నది. రథమునకు పూన్చిన గుఱ్ఱము ఒకనాడు నడువవలసిన దూరము అధమమున ఆరు యోజనములు, ఉత్తమమున పండ్రెండు. వీపుపై మోయు గుఱ్ఱమునకు అధమమున అయిదు, ఉత్తమమున పది. లాగుదానికంటె మోయుదానికి ప్రతి తరగతియందును దూరము తగ్గింపబడినది. వీపుపై పడు బరువు వేఱొక జాతి శ్రమయని ప్రాచీనులు గుర్తించిరనుటకు ఇది చాలిన సాక్ష్యమని మేము తలంచుచున్నాము.

తెలుగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము కలదు. అయినను తెలుగుదేశమున అశ్వశాస్త్రము కిశోరపోషణముకంటె లక్షణపరీక్షయందు ఎక్కువ ఆదరము చూపుటకు ఒక కారణ ముండవచ్చును. గణపతిదేవుని మోటుపల్లి శాసనము (1244), తుపానునకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలనుండి పూర్వరాజులు అపహరించుచుండిన సరకులలో ఏనుగులతోపాటు గుఱ్ఱములను పేర్కొన్నది. సముద్రముమీద వచ్చిన గుఱ్ఱమును కొనువానికి దానిని పెంచు చింత లేదు. వచ్చినదాని వయస్సు, గుణము గుర్తించు నేర్పే కావలెను. దంతముల వర్ణభేదమును బట్టి వయస్సును నిర్ణయించు పద్ధతి అశ్వశాస్త్రములందు ప్రసిద్ధమగుటకు ఇట్టి యక్కఱయే హేతువని మా యూహ.

ఇక శాస్త్రకారుడు చెప్పిన నాలుగైదేండ్లకు దేహమునందు ఆధారమేమి? ఎముకల కొనలయందు మృదులాస్థితో నేర్పడిన పలుచని పొర లుండును. ఎముక నిడివి సాగునది ఈ పొరలయందే. పెరుగుదల ముగిసినంతనే పొర గట్టిపడి ఎముకలో కలిసిపోవును. దీనినే పొర మూతపడుట యందురు. మూతపడని పొర, దానికిరువైపుల నున్న గట్టి యెముకకంటె మెత్తనిది. మితిమీరిన బరువునకును, మెలికకును మొదట లోబడునది అదియే.

ఈ పొరలు ఒకేసారి మూతపడవు. గుఱ్ఱమునందు ఈ పని సాధారణముగా క్రిందినుండి మీదికి సాగును. గిట్టకు పైనున్న పొట్టి యెముకలలో సుమారు ఏడాది వయస్సునకు ముగియును. ముంగాలి మోకాలికి పైనున్న ఎముక క్రిందికొనయందు రెండు రెండున్నర యేండ్లకు ముగియును. (గుఱ్ఱపు మోకాలని మనము పిలుచునది శరీరనిర్మాణమును బట్టి మనుష్యుని మణికట్టునకు సమానము.) భుజము, తొడ మున్నగు మీది భాగములందు మూడు మూడున్నర యేండ్లు పట్టును. వెన్నుపూసలయందు అయిదేండ్లు దాటిన పిమ్మటగాని ఈ పని పూర్తికాదు. జాతిభేదమువలన ఈ వరుస మారదు. పొడవైన గుఱ్ఱములందు కొంత ఆలస్యము మాత్రము కావచ్చును.

అనగా రౌతు కూర్చుండు చోటే అన్నిటికంటె కడపట పక్వమగుచున్నది. ఈ యొక్క విషయము తెలిసినవానికి ప్రశ్నయొక్క కష్టము బోధపడును. కంటికి కనబడునది వేఱు, వీపులో నున్నది వేఱు. ఏడాది పిల్ల తాను పొందనున్న పూర్ణోన్నతిలో పదింట తొమ్మిది పాళ్ళు అప్పటికే పొందియుండును. రెండేండ్లకు చూచువారికి అది పెద్దగుఱ్ఱమే. యజమానుడు దాని యెత్తును చూచి మోసపోవును. ఎత్తు కాళ్ళవలన వచ్చునది. మోయుశక్తి వీపువలన వచ్చునది.

నోటియందును ఇట్టిదే స్థితి. గుఱ్ఱమునకు ముందరి పాలపండ్లలో నడిమి జత రెండున్నర యేండ్లకును, దాని ప్రక్క జత మూడున్నర యేండ్లకును, కొన జత నాలుగున్నర యేండ్లకును ఊడి, వాని స్థానమున శాశ్వతదంతములు వచ్చును. దవడపండ్లలో మొదటి మూడు జతలును సుమారు రెండున్నరకును నాలుగేండ్లకును నడుమనే మారును. కళ్ళెము తగులుట కీ దవడపండ్ల ముందరి భాగముననే. పన్ను కదలుచున్న నోట కళ్ళెము లాగినపుడు గుఱ్ఱము తల విసరినచో, దానిని మొండితనమని దండించువారు కలరు. అది మొండితనము కాదు, నొప్పి. అయిదేండ్లకు నోరు నిండును. అర్థశాస్త్రము చెప్పిన పైగడువుకూడ అదియే.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి, అయిదేండ్లు నిండువరకు గుఱ్ఱమును ముట్టరాదని తోచవచ్చును. కాని దీనికి ప్రతిపక్షము కలదు. దానిని కప్పిపుచ్చుట విచారణ కాదు.

ఇంగ్లండులో 18వ శతాబ్ది తొలిభాగమున, రాజు బహుమతి నిచ్చు పందెములందు ఆరేండ్ల గుఱ్ఱములు పండ్రెండు స్టోనుల బరువుతో, అనగా సుమారు 76 కిలోగ్రాములతో, నాలుగేసి మైళ్ళు పలుమారులు పరుగెత్తుచుండెను. 1776లో సెయింట్ లెజర్, 1780లో డెర్బీ పందెములు మూడేండ్ల గుఱ్ఱములకై యేర్పడినవి. 1786లో న్యూమార్కెట్టున రెండేండ్లవానికై జూలై స్టేక్సు ఆరంభమయ్యెను. అర్ధశతాబ్దిలోపల గుఱ్ఱపు ఎముక మారలేదు. మారినది యజమానుని ఓపిక. పెంపకమునకు పెట్టిన ధనము త్వరగా తిరిగి రావలెనను కోరికయే వయస్సును దించినది. పైగా ఉత్తరార్ధగోళమున పందెపు గుఱ్ఱములన్నిటికిని జనవరి 1వ తేదియే జన్మదినముగా ఎంచబడును. ఏప్రిలులో పుట్టిన పిల్ల, ఇరువదియొక్క నెలలైనను నిండకమునుపే, లెక్కలో రెండేండ్లదగుచున్నది.

అయినను ఈ పద్ధతిని సమర్థించు పరిశీలనలు లేకపోలేదు. న్యూజీలాండు, ఆస్ట్రేలియాలలో పందెపు గుఱ్ఱముల వృత్తాంతములను పరిశీలించినవారు, రెండవయేటనే శిక్షణకు వచ్చినవి పిమ్మట వచ్చినవానికంటె తక్కువకాలము పరుగెత్తలేదనియు, తఱచు ఎక్కువకాలమే పరుగెత్తినవనియు కనుగొనిరి. లేతయెముక తనపై పడు పనిని బట్టి గట్టిపడును. కొట్టమున కట్టివేసిన పిల్లకంటె బయలున పరుగులెత్తిన పిల్లకు ఎముక బలమైనదగును. దీనిని మేమును అంగీకరించుచున్నాము.

కాని ఈ ఫలితమునుండి ఏమి సిద్ధించును, ఏమి సిద్ధింపదు అని వివేచింపవలెను. రెండవయేట పరుగెత్తగలిగినవి పుట్టుకతోనే దృఢమైనవి కావచ్చును. శిక్షణకాలముననే చెడి పందెమునకు రానివి ఆ పట్టికలకెక్కలేదు. పందెపు జీవితము కొన్నియేండ్లది. స్వారికై పెంచిన గుఱ్ఱమునుండి మనము కోరునది పదునైదిరువది యేండ్ల సేవ. వియన్నా స్వారిపాఠశాలలో లిపిజానర్ గుఱ్ఱములకు నాలుగవయేట శిక్షణ నారంభింతురు. వానిలో ఇరువదియేండ్లు దాటియు పనిచేయునవి కలవు. అన్నిటికంటె ముఖ్యముగా, ఎముకకు బలమిచ్చునది కదలికయే కాని వీపుపై బరువు కాదు. పిల్ల తన దేహమును తాను మోయుచు పరుగెత్తుట వేఱు. పరుని దేహమును మోయుట వేఱు.

ఈ భేదమును గుర్తించినచో ఇరుపక్షములకును సమన్వయము కుదురును. వాహనారంభమని మన మొకే మాట వాడుచుండుటవలన చిక్కు కలుగుచున్నది. నిజమున కందు మూడారంభములు కలవు.

మొదటిది శిక్షణారంభము. దీనికి వయోనియమము లేదు. పుట్టిన నెలలోనే మొదలుపెట్టవచ్చును. మనుష్యుని స్పర్శకు అలవాటుపడుట, కాలు ఎత్తి గిట్టను చూపుట, త్రాటివెంట నడచుట ఇందలి పాఠములు. గ్రీకురచయిత క్సెనోఫోను, పిల్ల శిక్షకునియొద్దకు పోవుటకు ముందే ఇంటియొద్ద మనుష్యులయెడ ప్రేమ కలదై యుండవలెనని చెప్పినాడు. బాలుని పనినేర్చుటకై యప్పగించునట్లు గుఱ్ఱమును శిక్షకుని కప్పగించి, ఏమేమి నేర్పవలెనో ముందే వ్రాయించుకొనుమనియు నతని మాట.

రెండవది ఆరోహణారంభము. మూడేండ్లు నిండిన పిమ్మట ఖాళీ జీనుతో నడపి, పిదప తేలికయైన రౌతును కొన్ని నిమిషములు మాత్రము, తిన్నని నేలపై, నడకతో ఎక్కింపవచ్చును. ఇరుకు వలయములు త్రిప్పుట, ఎగురదుమికించుట అప్పుడు కూడదు. ఇది బరువు మోయుట కాదు. బరువను మాటకు అర్థము నేర్పుట. దీనిని నాలుగవయేటికి వాయిదా వేసినను నష్టము లేదు.

మూడవది భారారంభము. పూర్ణవయస్కమైన గుఱ్ఱముకూడ జీనుతోపాటు తన బరువులో అయిదవవంతు మోయుట మేలని నేటివారి సాధారణ నియమము. నాలుగువందల కిలోగ్రాముల గుఱ్ఱమునకు ఎనుబది. ఈ పూర్తిబరువు, దూరప్రయాణము, కఠినశ్రమ నాలుగైదేండ్లకు ముందు తగవు. కౌటిల్యుడు చెప్పిన కర్మణ్యత్వము ఈ మూడవదియే యని మా నిర్ణయము. అతడు చెప్పినది నేర్పుటకు కాలము కాదు, సేవకు కాలము.

ఈ సంఖ్యలను పంచాంగమువలె పట్టుకొనరాదు. వికల్పము చెప్పిన శాస్త్రకారుని యాశయమది కాదు. పిరుదు మూపుకంటె ఎత్తుగనున్న పిల్ల ఇంకను పెరుగుచున్నది. వెన్నుకిరువైపుల కండ పట్టనిది బరువునకు సిద్ధముగాలేదు. నిన్నటిపనికి నేడు బిగిసి నడచినది, జీను చూడగానే వీపు దింపుకొన్నది, రెండునాళ్ళు విశ్రాంతిని కోరుచున్నది. అవసరమైనచోట పశువైద్యుడు మోకాలికి ఎక్స్‌రే తీసి పొర మూతపడినదో లేదో చెప్పగలడు. కాని మోకాలు మూతపడినదన్న మాట వీపునకు వర్తింపదు. ఆ రెంటికి నడుమ ఇంకను రెండుమూడేండ్ల యంతర మున్నది.

రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడు కాళ్ళతో నడచునని మనలో సామెత. గుఱ్ఱము సాకు చెప్పుననియు, రౌతు గట్టివాడు కావలెననియు దాని తాత్పర్యము. ముదిరిన గుఱ్ఱము విషయమున అది నిజమే కావచ్చును. మూడేండ్ల పిల్ల మూడు కాళ్ళతో నడచినపుడు మాత్రము, సామెతను తలంచుకొనుటకు ముందు దిగి నాలుగవకాలిని తడవి చూడవలెను. పిల్లకు సాకు చెప్పుట ఇంకను తెలియదు.