తంగేడు వేరు ఆకలి కేక

“కింద పత్తికి మందు బస్తాలు మోస్తరు గదా, గుట్ట మీది తంగేడుకు ఎవలు మోస్తరు టీచర్?”

బతుకమ్మ పూల కోసం చిల్పూరు గుట్ట దిక్కు వెళ్లినప్పుడు ఒక పాప అడిగిన మాట ఇది. జవాబు తోచక ఆ టీచరమ్మ మాకు ఉత్తరం రాశారు. జనగామ జిల్లాలో బుగులు వెంకటేశ్వరస్వామి కొలువైన గుట్ట అది. ఉత్తరం చదివినప్పటి నుంచి నా ధ్యాసంతా అక్కడే ఉంది.

మోసేవాళ్లున్నారు. వేరు నూగు కన్నా సన్నని శిలీంధ్రపు పోగులు.

ఎర్ర చెలకల్లో ఉన్న భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టుకుని వదలవు. అది నీటితో కదిలి రాదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర పీల్చుకుంటే ఆపైన పస్తే. పోగులు ఆ ఖాళీని దాటి, సెంటీమీటర్ల దూరం పాకి భాస్వరం తెస్తాయి. బదులుగా మొక్క చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. తంగేడు చిక్కుడు కుటుంబానిదే అయినా దాని జాతి మొక్కల వేళ్లకు నత్రజని బుడిపెలు మామూలుగా కట్టవు. అలాంటి మొక్కకు ఈ పొత్తు ఎంత విలువైనదో ఆలోచించండి.

మరి మట్టి చీకట్లో ఇద్దరూ ఎలా కలుస్తారు? నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇదే.

వేరు పిలుస్తుంది. భాస్వరం చాలనప్పుడు స్ట్రైగోలాక్టోన్లనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. లేశమాత్రం తగిలినా చాలు, పోగు కొస గుబురుగా కొమ్మలు వేసి వేరును వెతుక్కుంటుంది. లోపలికి చేరాక వేరు కణంలో చిట్టి చెట్టులా విచ్చుకుంటుంది. అయినా కణపు పొర చిరగదు. పొరే ప్రతి కొమ్మనూ తొడుగులా చుట్టుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడమంతా ఆ పొర మీదుగానే. భాస్వరం అందుకునే ద్వారం చెడిన మెడికాగో అనే మొక్కల్లో ఈ చిట్టి చెట్లు ముందే కూలిపోయాయి. సరుకు అందని చోట పొత్తు నిలవదు.

ఈ పొత్తునూ, పిలుపునూ శాస్త్రజ్ఞులు చాలాకాలం అపార్థం చేసుకున్నారు. 1885లో వేరుకూ శిలీంధ్రానికీ పొత్తు ఉందని జర్మనీలో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ చెబితే, బూజు అంటే రోగమేనని కొట్టిపారేసినవాళ్లున్నారు. 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు పత్తి వేళ్ల స్రావంలో స్ట్రైగోలాక్టోన్లలో ఒకటైన స్ట్రైగాల్‌ను పట్టుకున్నారు. అది తగిలితే జొన్నమల్లె విత్తనం మొలకెత్తుతుంది. జొన్న వేరుకు అతుక్కుని సారం పీల్చే కలుపు అది. శత్రువును నిద్రలేపే మందును మొక్కలు ఎందుకు తయారుచేసుకుంటాయి? దాదాపు 40 ఏళ్లు అందరూ కలుపు వైపే చూశారు. 2005లో జపాన్‌కు చెందిన కోకి అకియామా బృందం చిక్కు విప్పింది. పిలుపు శిలీంధ్రానికి. జొన్నమల్లె ఆ కేక విని వచ్చే దొంగ!

ఇప్పుడు ఈ శిలీంధ్రాన్ని ప్యాకెట్లలో అమ్ముతున్నారు. భాస్వరం దండిగా దొరికితే వేరు పిలవడం తగ్గిస్తుంది. అలాంటప్పుడు డీఏపీ బస్తాతో పాటు ఈ ప్యాకెట్‌నూ రైతు చేత కొనిపించడం నాకు మింగుడుపడదు.

పాపా, గుట్ట మీద మోసేవాళ్లు పిలిస్తేనే వస్తారు. తంగేడు ఇంకా పిలుస్తోంది. ఆ పిలుపు మనిషికి మొదట దొరికింది మాత్రం పత్తి వేళ్లలోనే. పత్తికీ పిలవడం వచ్చు తల్లీ, ఆ అవసరం లేకుండా చేసింది మనమే.